కారుగీతకు టీకా తాత్పర్యం

మూలం: ఇచట కారు గీతలు తీయబడును.

బైపాస్ రోడ్డు పక్కన, టింకరింగ్ షెడ్డు రేకుల మీద, పసుపు నేల మీద ఎర్రటి అక్షరాలతో కనిపించే ఈ నాలుగు పదాల వాక్యాన్ని రోజూ ఎంతమంది చదువుతారో లెక్కలేదు. చదివిన ప్రతివారూ అర్థమైందనుకునే ముందుకు పోతారు. వ్యాఖ్యాతకు పని తగిలేది సరిగ్గా ఇలాంటి చోటే. కఠినమైన శ్లోకం ముందు పాఠకుడు తానే జాగ్రత్తగా అడుగు వేస్తాడు. నున్నటి నేల మీదే కాలు జారేది. మెదక్ సీమలోని కొలిచెలమ వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీక రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. అందులో మొదటి మాటకు మనమూ కట్టుబడదాం. రెండోది ఈ విషయంలో నిలవదు. బండికి గీత పడినవాడికి అక్కర్లేని సలహా అంటూ లోకంలో ఉండదు. పక్కింటాయన చెప్పే కొబ్బరినూనె దాకా అన్నీ వింటాడు.

ముందు ప్రతిపదార్థం. ఇచట అనగా ఈ షెడ్డులో. కారు అనగా మోటారు బండి యొక్క. గీతలు అనగా రంగు మీద పడిన సన్నని చారలు. తీయబడును అనగా తొలగించబడును. బడిపిల్లలకు ఇది చాలు. కానీ 'కారు' తెలుగులో ఒంటరి పదం కాదు. కారుచీకటిలో, కారుమబ్బులో ఉన్న కారు నలుపు. ఈ అర్థంలో సూత్రాన్ని 'నల్లబండి గీతలు' అని విప్పితే, బోర్డు రాయించినవాడు అనుకోని ఒక సత్యం బయటపడుతుంది. గీత దానంతట అదే ఒక రంగు కాదు. దాని అంచులు వెలుతురును నలుదిక్కులా చెదరగొట్టడం వల్ల తెల్లగా మెరుస్తుంది. నల్లటి నేల మీద ఆ తెలుపు ఎగిసి కనపడుతుంది. తెల్లరంగు పెయింటు స్వభావమే వెలుతురును చెదరగొట్టడం కనుక ఆ మెరుపు అందులో కలిసిపోతుంది. తెల్లకారుకు గీతలు తక్కువ పడతాయనేది అందుకే పొరపాటు. పడేవి అన్నే, పట్టుబడేవి తక్కువ. కారు అంటే రుతువు కూడా: వానకారు, ఎండకారు. ఈ అర్థమూ వ్యర్థం కాదు, వానకారు గీతకూ ఎండకారు గీతకూ ఉన్న తేడా ముందు ముందు అవసరమవుతుంది. ఇక 'గీతలు కారు' అని పదాలను తిప్పి, అసలివి గీతలే కావనే అద్వైతాన్ని లాగుదామంటే వ్యాకరణం అడ్డొస్తుంది. గీత అమహద్వాచకం, 'కావు' అనాలి. ఆ అన్వయాన్ని వ్యాకరణం కోసం వదిలేద్దాం. అర్థం కోసమైతే వదలనక్కర్లేదు.

ఎందుకంటే గీత అనే మాటలోనే అసలు చిక్కు ఉంది. పలక మీద బలపం గీత, నుదుట విభూతి గీత, వాకిట్లో ముగ్గు గీత: ఇవన్నీ వచ్చి చేరినవి. గీసినవాడు కొంత బలపాన్నో బూడిదనో పిండినో అక్కడ పెట్టి పోయాడు, తుడిస్తే పోతుంది. కారు మీది గీత ఈ జాతిది కాదు. గీసినవాడు ఏమీ పెట్టలేదు, కొంత పట్టుకుపోయాడు. పార్కింగులో పక్కబండి బంపరు రాసుకుని దాని రంగు మన తలుపుకు అంటుకున్న చార ఒక్కటే దీనికి మినహాయింపు. అక్కడ నిజంగానే ఒక వస్తువు వచ్చి చేరింది, దాన్ని తీసేస్తే బోర్డు మాట అక్షరాలా నెరవేరుతుంది. తక్కినవన్నీ గుంటలు. అవి ఏ మట్టులో పడ్డాయో తెలియాలంటే బండి ఒంటి మీది పొరలు తెలియాలి. ఇనుప రేకు మీద, తుప్పు పట్టకుండా, విద్యుత్తు సాయంతో అతికించిన తొలి ప్రైమర్ సుమారు 20 మైక్రాన్లు. దాని మీద ఎగుడుదిగుడులు సర్దే రెండో ప్రైమర్ 30 నుంచి 40. ఆ పైన మనం డబ్బిచ్చి ఎంచుకున్న రంగు, అంటే బేస్ కోటు, 10 నుంచి 20 మాత్రమే. అన్నిటి మీదా రంగులేని, అద్దంలాంటి క్లియర్ కోటు 40 నుంచి 50. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మొత్తం కలిపినా ఒక మామూలు కాగితం మందమో, అంతకు కాస్త ఎక్కువో. లక్షలు పోసి కొన్న మెరుపంతా ఆ చివరి పొరది, దాని మందం తలవెంట్రుక కంటే తక్కువ. ఎండలో బానెట్ మీద సాలెగూడులా కనిపించే గీతలు ఆ పొరలోనే, మైక్రాన్ రెండు మైక్రాన్ల లోతున పడి ఉంటాయి. రంగును అవి తాకనైనా తాకవు.

ఇక్కడ తర్కశాస్త్రాన్ని పిలవక తప్పదు. పదిహేడో శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పదార్థాలు ఏడని లెక్కపెట్టి, ఏడోదిగా అభావాన్ని, అంటే లేమిని, చేర్చాడు. లేనిదాన్ని కూడా ఉన్నవాటి జాబితాలో వేయడం చూసి నవ్వేవాళ్లు కారు కొన్నాక నవ్వు మానేస్తారు. కొత్తబండి మీద లేని చారెడు రంగు ఎంత బలంగా ఉంటుందో వాళ్లకు తెలుస్తుంది. అభావాలు నాలుగన్నారు, అందులో మనకు రెండు చాలు. కుండ పుట్టకముందు ఉండే కుండ లేమి ప్రాగభావం. దానికి మొదలు లేదు, కుండ పుట్టగానే చివర ఉంది. కుండ పగిలాక వచ్చే లేమి ప్రధ్వంసాభావం. దానికి మొదలు ఉంది, చివర లేదు. షోరూము నుంచి బయటికొచ్చిన బండి మీద గీత లేకపోవడం మొదటి రకం, ఎప్పుడో ఒకప్పుడు తీరిపోయేదే. గీతపడ్డ చోట క్లియర్ కోటు లేకపోవడం రెండో రకం. పోయిన ఆ రేణువులు ఇక రావు. ఆ లేమికి అంతం లేదని నైయాయికుడు తీర్పు చెప్పాక, టింకరింగ్ షెడ్డు 'తీయబడును' అని ఎలా అనగలదు? లేనిదాన్ని ఎవరు తీయగలరు?

ఇలా ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడు లక్షణను ఆశ్రయించాలని అలంకారికులు చెప్పారు. 'గంగలో గొల్లపల్లె' అంటే నీళ్ల మధ్య గుడిసెలు వేశారని కాదు, గంగ ఒడ్డున అని. అలాగే 'గీతలు తీయబడును' అన్నప్పుడు గీత అంటే గీత కాదు, గీత ఒడ్డు. గుంటకు రెండువైపులా మిగిలిన మంచి పెయింటును, గుంట అడుగు మట్టానికి దిగేదాకా, అరగదీస్తారు. చేనులో ఒక గొయ్యి ఉంటే, గొయ్యి పూడ్చకుండా చేనంతటినీ గొయ్యి లోతుకు తవ్వి చదును చేసినట్టు. ఇది వ్యాఖ్యాత పెంకితనం కాదు, పాలిష్ పని నిజంగా ఇదే. కాంపౌండ్‌లో అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గట్టి పొడి మెత్తగా నూరి కలిపి ఉంటుంది. తిరిగే పాడ్ కింద అది క్లియర్ కోటును గీకుతుంది. చూపుకు ఆననంత సన్నని గీతలు గీస్తూ చూపుకు ఆనే గీతల్ని చెరిపేస్తుంది. మెత్తని పాలిష్ ఒకసారి తిప్పితే 1-2 మైక్రాన్లు పోతాయి, గట్టి కాంపౌండ్ అయితే 3-4, 2000 నంబరు వాటర్ పేపర్ పడితే ఇంకా ఎక్కువ. కాబట్టి సూత్రానికి సరైన అర్థం: ఇచట గీతలు పడని చోటి పెయింటు, గీతల పేరు చెప్పి, తీయబడును. ఒప్పుకునే ముందు బండివాడు తూచవలసింది గీత ఎంత వికారంగా ఉందన్నది కాదు. దాన్ని కనపడకుండా చేయడానికి మిగిలిన దాంట్లో ఎంత ఖర్చు పెట్టడం తగునన్నది. ఈ వ్యాఖ్య చెప్పదలచింది అదొక్కటే. మిగతాదంతా ఆక్షేపణలకు సమాధానం.

మొదటి ఆక్షేపణ లెక్కలు తెలిసినవాడిది. క్లియర్ కోటు 40 మైక్రాన్లు, పాలిష్‌కు పోయేది 2. ఇరవైసార్లు చేయించుకోవచ్చు, బండిని అంతకాలం ఎవరు ఉంచుకుంటారు, ఈ పిసినారితనం దేనికి అంటాడు. ఇది నీటితొట్టి లెక్క, పెయింటు తొట్టి కాదు. క్లియర్ కోటు మెరుపు కోసమే లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను మింగే రసాయనాలు దాంట్లోనే ఉన్నాయి. పొర పలచబడేకొద్దీ ఆ కాపు తగ్గుతుంది. ఒక హద్దు దాటాక, నూటికి నూరు శాతం అరగకముందే, పై పొర తెల్లబారి ఉల్లిపొరలా పొలుసులు లేస్తుంది. ఊరి వీధుల్లో పదేళ్లు దాటిన బండ్ల టాపుల మీద, బానెట్ల మీద ఆ తెల్లమచ్చలు కనపడుతూనే ఉంటాయి, అవి ఎండ ఎక్కువ తినే చోట్లే కావడం గమనించాలి. అందుకే జాగ్రత్తగల పనివాళ్లు బండి జీవితం మొత్తంలో 8 మైక్రాన్లకు మించి తీయడానికి జంకుతారు. పైగా పొర అంతటా ఒకే మందం ఉండదు. తలుపు అంచుల దగ్గర, బానెట్ మడతల దగ్గర పెయింటు జారి పలచగా నిలుస్తుంది. మిషను ఒత్తిడి మాత్రం సరిగ్గా ఆ అంచుల మీదే ఎక్కువ పడుతుంది. అనుభవం లేని చేతిలో ఒక్క నిమిషంలో అక్కడ క్లియర్ దాటి రంగు, రంగు దాటి ప్రైమర్ కనపడతాయి. సగటు లోతు మోకాలి బంటి ఉన్న ఏట్లో మునిగినవాడి కథే ఇది.

రెండో ఆక్షేపణ బలమైనది, ప్రత్యక్ష ప్రమాణం మీద నిలబడింది కనుక. గీత ఉన్న బండిని లోపలికి తోలాం, లేని బండిని బయటికి తెచ్చుకున్నాం, కళ్లతో చూసినదానికి తర్కం ఎందుకు? దీనికి సమాధానం సూత్రంలో మొదటి పదమే చెబుతోంది. 'ఇచట.' గీతలు పోయినవి ఇచటనే, అచట పోలేదు. షెడ్డులో పైన ట్యూబులైట్లు, చుట్టూ నీడ, బండి ఒళ్లంతా అప్పుడే పూసిన నూనె నిగనిగ. గీత కనపడాలంటే వెలుతురు ఒకే చోటి నుంచి సూటిగా రావాలి. పరుచుకున్న వెలుతురులో అది దాక్కుంటుంది. అంతకంటే గట్టి కారణం ఇంకొకటి. గీతను కనపడేలా చేసేది గుంటలోని గాలి. క్లియర్ కోటు వక్రీభవన గుణకం సుమారు 1.5, గాలిది 1. ఆ తేడా వల్లే గుంట అంచుల దగ్గర వెలుతురు వంగి చెదురుతుంది. గుంటలో గాలికి బదులు నీళ్లు నిలిస్తే ఆ గుణకం 1.33 అవుతుంది, తేడా తగ్గుతుంది, గీత మసకబారుతుంది. నూనె, మైనం అయితే ఇంకా దగ్గర, గీత దాదాపు మాయం. వానకారులో తడిసిన ప్రతి బండీ కొత్తదిలా ఉండడానికీ, ఎండకారులో ఆరగానే వయసు బయటపడడానికీ కారణం ఇదే. కొబ్బరినూనె రాసి చూడమన్న పక్కింటాయన అబద్ధం చెప్పలేదు. ఆయన మందులో దోషం లేదు, రెండు కడుగుళ్లకు మించి నిలవకపోవడం తప్ప. కొన్ని ఊళ్లలో ఈ సూత్రానికి 'ఇచట గీతలు మాయం చేయబడును' అనే పాఠాంతరం కనపడుతుంది. సత్యానికి అదే దగ్గరి పాఠం. మాయ అన్నాడు కనుక ఇక తప్పు పట్టడానికి లేదు.

టూత్‌పేస్టు సంగతి వేరు, దాన్ని నూనెతో ఒకే గాటన కట్టకూడదు. పళ్ల గారను గీకడానికి దాంట్లో సున్నపురాతి పొడో సిలికానో ఉంటుంది, కాబట్టి అది కాంపౌండ్ జాతిదే. కొంత గీకుతుంది, కొంత నింపుతుంది. పని చేస్తుందా అంటే, చిన్న గీతకు చేస్తుంది. ఎంత గీకిందో చెప్పలేకపోవడమే దానితో బాధ. దంతాలకు కొలిచి చేసిన రాపిడిని పెయింటుకు వాడడం, జ్వరం కొలిచే గొట్టంతో పాల చిక్కదనం చూడడం లాంటిది. ప్రత్యక్ష ప్రమాణం కావాలనుకునేవాడు చేయవలసిన పని ఒకటుంది. బండి చేతికొచ్చే రోజున దాన్ని మామూలు షాంపూ నీళ్లతో కడిగించి, ఆరనిచ్చి, పదకొండు గంటల ఎండలో నిలబెట్టి చూడాలి. అప్పుడు కనపడనిది నిజంగా పోయింది, అంటే దాని ఒడ్డు పోయింది.

ఎండలో నిలబెట్టినవాడికి ఇంకో వింత కనపడుతుంది. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ, చంద్రుడికి వరదగుడి కట్టినట్టు, గుండ్రటి గీతలు బారులు తీరి ఉంటాయి. చూసిన వెంటనే నెపం రోజూ బండి తుడిచే కుర్రవాడి మీద పడుతుంది: గుండ్రంగా తుడిచాడు, అందుకే గుండ్రంగా గీతలు పడ్డాయని. ఇది తాడును చూసి పామనుకోవడం. తల పక్కకు జరిపితే ఆ గుడి కూడా వెంట జరుగుతుంది. నిజంగా గుండ్రటి గీతలైతే పెయింటుతో పాటు ఉన్నచోటే ఉండాలి. అసలు ఉన్నవి అన్ని దిక్కులకూ పడిన పొట్టి పొట్టి గీతలు. వాటిలో వెలుతురుకు అడ్డంగా ఉన్నవే మన కంటివైపు మెరుస్తాయి. ప్రతిబింబం చుట్టూ అలా అడ్డంగా నిలిచిన తునకలన్నీ కలిసి చక్రంలా తోస్తాయి, మిగతావి చీకట్లో ఉంటాయి. గుండ్రంగా తుడవడం మంచిదని దీని అర్థం కాదు. అడ్డదిడ్డంగా తుడిస్తే ఏ మూల నుంచి చూసినా ఏదో ఒక గీత మెరుస్తుంది. ఒకే దిక్కున తుడిస్తే ఒక్క కోణంలోనే పట్టుబడుతుంది. తప్పు కుర్రవాడి చేతిది కాదు. నేరం బకెట్టులో ఉంది. ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే పాత బనియను గుడ్డతో పది బండ్లు తుడవమని జీతం మాట్లాడినవాళ్లు, ఆ నీళ్లలో ఏముందో చూడరు. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుక అంటే క్వార్ట్జ్, మోస్ కాఠిన్య మానంలో 7. మామూలు ఇనుపరేకు కూడా దాని ముందు మెత్తన. క్లియర్ కోటు ప్లాస్టిక్కు మాటెందుకు. గుడ్డ ఎప్పుడూ గీయదు, గుడ్డ కింద దొర్లే రేణువు గీస్తుంది. దుమ్ము మీద కప్పిన కవరు కూడా అంతే. గాలికి అది ఊగినంతసేపూ బండిని వాటర్ పేపర్ పెట్టి తోముతున్నట్టే. కప్పినవాడు మాత్రం బండిని కాపాడానని నిద్రపోతాడు. ప్రాగభావం తీరిపోయే ముహూర్తం ఇంకా ముందే ఉంది: కొండగట్టులోనో పెద్దమ్మ గుడి ముందో కొత్తబండి బానెట్ మీద ఉంగరపు వేలితో గంధం అద్ది స్వస్తిక్ గీసినప్పుడు, వేలికి ఉంగరం ఉందా లేదా అన్నదాన్ని బట్టి. పూజ మానమని వ్యాఖ్య చెప్పదు. ఉంగరం తీసి గీయమని పూజారిగారిని అడగడానికి శాస్త్రంలో నిషేధం కనపడలేదు.

మూడో ఆక్షేపణ శబ్ద ప్రమాణం మీద, అంటే అమ్మేవాడి మాట మీద, నిలబడింది. సిరామిక్ కోటింగ్ చేయిస్తే కాఠిన్యం 9హెచ్ అట, గీతే పడదట. తొమ్మిది అనగానే వినేవాడికి పది మార్కుల మోస్ పట్టిక గుర్తొచ్చి, వజ్రం 10 కదా, దాని పక్కనే తన బండి ఉందని సంతోషిస్తాడు. ఆ 9హెచ్ మోస్ లెక్కలోది కానే కాదు, పెన్సిలు లెక్కలోది. బొమ్మలు గీసే పెన్సిళ్లలో మెత్తనివి బి, గట్టివి హెచ్. 9హెచ్ పెన్సిలుతో ఒత్తినా గీత పడకపోతే ఆ పూతకు 9హెచ్ అని ముద్ర. ఎవరైనా బండి మీద పెన్సిలుతో బొమ్మ వేయబోతే అది పనికొస్తుంది. ఇసుకరేణువు పెన్సిలు కంటే చాలా గట్టిది, దానికి ఆ ముద్ర చదవడం రాదు. సిరామిక్ పూత వల్ల నీళ్లు జారిపోవడం, మురికి తక్కువ అంటడం, కడగడం సులువు కావడం నిజమే, తుడవడం తగ్గితే గీతలు తగ్గుతాయి. ఆ పూత ముందు పెయింటును చదును చేయాలని ఒక విడత కాంపౌండ్ కొడతారే, ఆ పోయిన మైక్రాన్లు బిల్లులో ఉండవు. ప్లాస్టిక్ ఫిల్మ్ సంగతి కాస్త నయం. 150 నుంచి 200 మైక్రాన్ల పాలియురితేన్ పొర తన ఒంటి మీద గీతలు పడనిచ్చి, ఎండ తగిలినప్పుడు సన్నవాటిని తానే పూడ్చుకుంటుంది. నిస్సాన్, నిప్పన్ పెయింట్ కలిసి 2005లో ఇలా తనంతట తాను సర్దుకునే క్లియర్ కోటునే ప్రకటించాయి. మన వ్యాఖ్యకు ఇవి విరోధం కావు, అనుకూలం. ఈ రెండూ గీతను తీయవు; గుంటలోంచి పక్కకు తోసిన పదార్థాన్ని మళ్లీ గుంటలోకి రానిస్తాయి. పదార్థం నిజంగా ఊడిపోయినంత లోతు గీతను అవి కూడా పూడ్చలేవు. ప్రధ్వంసాభావం జపానులోనూ ప్రధ్వంసాభావమే.

ఇదంతా విన్న విరక్తుడు నాలుగో ఆక్షేపణతో లేస్తాడు: అయితే ఏ గీతనూ ముట్టుకోవద్దు, మొదటి గీత కొత్తబండికి దిష్టిచుక్క అనుకుని ఊరుకుందాం. వ్యాఖ్యాతకు ఈ మాట చాలా దూరం ఇష్టమే, ఒక్క చోట తప్ప. ఊరుకోదగిన గీతకూ ఊరుకోరాని గీతకూ మధ్య హద్దు చెప్పడానికి గోరు చాలు. గోటి కొనను గీతకు అడ్డంగా మెల్లగా నడిపినప్పుడు ఎక్కడా ఆగకపోతే అది పై పొరలోనిది. తీస్తే తీయవచ్చు, తీయకపోతే ఎన్నేళ్లైనా అలాగే ఉంటుంది, పెరగదు. గోరు తట్టుకుంటే పాలిష్ పేరు ఎత్తకూడదు. ఆ లోతుకు చుట్టుపక్కల్ని దించాలంటే క్లియర్ అంతా పోవాలి. అడుగున బూడిదరంగు ప్రైమర్ కనపడితే వారాలు లెక్కపెట్టుకోవచ్చు. ఇనుము మెరిస్తే రోజులు కూడా ఆగకూడదు, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మరీను. ఇక్కడ చేయవలసింది తీయడం కాదు, వేయడం. తలుపు స్తంభం మీద చీటీలో ఉండే రంగు కోడు చెప్పి టచప్ సీసా తెప్పించి, సన్నని కుంచెతో గుంటలోనే, పొర ఆరాక పొరగా పెట్టాలి. ద్రావకం ఎగిరిపోయాక పెయింటు కుంగుతుంది కాబట్టి ఒక్క విడతలో నింపినవాడికి మర్నాడు మళ్లీ గుంటే కనపడుతుంది. దగ్గర నుంచి చూస్తే మచ్చ తెలుస్తుంది. తెలియనివ్వండి, ఇనుము మూతపడింది. ఇన్సూరెన్స్ ఉంది కదా, తలుపంతా కొత్తగా పెయింటు వేయిద్దామనేవారు ఒక లెక్క చూసుకోవాలి. ఏటా క్లెయిము లేకుండా గడిపితే 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే తగ్గింపు ఒక్క క్లెయిముతో మొదటికి వస్తుంది. కంపెనీలో యంత్రాల కింద పడిన పెయింటు పోయి షెడ్డులో పడిన పెయింటు వస్తుంది. అమ్మేటప్పుడు కొనేవాడు ఒక గీతను క్షమిస్తాడు. తలుపు రంగు పక్క తలుపుతో కలవకపోతే బండి ఎక్కడో గుద్దిందనే అనుకుంటాడు.

పగుళ్ల ఊసు సూత్రంలో ఎందుకు లేదన్నది శేషించిన ప్రశ్న. సూత్రకారుడి మౌనం అజ్ఞానం కాదు, జాగ్రత్త. గీత బయటి నుంచి లోపలికి వస్తుంది, పగులు లోపలి నుంచి బయటికి. ఎండిన చెరువు నేలలా, పాత పింగాణీ కప్పులా సన్నటి నెర్రెలు విచ్చాయంటే పొరలకు ఒకదానితో ఒకటి పొత్తు కుదరలేదని అర్థం. ఒకప్పుడు ఇది కంపెనీ పెయింటుకే ఉన్న జబ్బు. 1923లో జనరల్ మోటార్స్ ఓక్‌లాండ్ కారుకు నీలంరంగుతో మొదలుపెట్టిన డూపాంట్ వారి డ్యూకో వారాల పెయింటు పనిని గంటల్లోకి దించింది. మన వడ్రంగుల నోట ఆ పేరు ఇంకా వినపడుతోంది. కానీ ఆ నైట్రోసెల్యులోజ్ లక్క ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, పొర మందమైన చోటల్లా విచ్చేది. 1980ల నుంచి నలుగురికీ అందిన క్లియర్ కోటు బండ్లలో కంపెనీ పెయింటు అంత తేలిగ్గా పగలదు. ఇప్పుడు పగులు కనపడితే అనుమాన ప్రమాణం వాడాలి: పొగ ఉంటే నిప్పు ఉన్నట్టు, పగులు ఉంటే కింద లప్పం ఉంటుంది. సొట్టను లాగకుండా మందంగా లప్పం మెత్తి, అది ఆరకముందే రంగు కొట్టి, హార్డెనర్ ఎక్కువ కలిపి తొందరపడిన చోట, రెంటచింతల ఎండలో 70 డిగ్రీలు దాటే నల్ల బానెట్ రాత్రి చల్లబడినప్పుడల్లా రేకు ఒక లెక్కన, లప్పం ఒక లెక్కన కుంచించుకుంటాయి. బంపరుది మరో కథ. లోపలి ప్లాస్టిక్కు గుద్దుకు వంగి తిరిగి నిలబడుతుంది, పైన పెయింటు అంత వంగలేక నక్షత్రంలా చిట్లుతుంది. పగులు మీద పాలిష్ పెడితే రెండు నష్టాలు: లోతు తగ్గదు, పైగా కాంపౌండ్ పొడి నెర్రెల్లో ఇరుక్కుని ఆరాక తెల్లటి గీతల పటం గీస్తుంది. అంతకుముందు దగ్గరికొస్తే గానీ కనపడనిది వీధి చివర నుంచి కనపడుతుంది. పగులు అడుగు దాటి గట్టి పొర దొరికేదాకా గీకి మళ్లీ కట్టుకు రావడమొక్కటే దారి. అది తీయడం కాదు, పునాది నుంచి ఇల్లు కట్టడం. 'ఇచట పగుళ్లు తీయబడును' అని రాసే సాహసం ఏ బోర్డూ చేయకపోవడం సూత్రకారుల నిజాయితీకి సాక్ష్యం.

చివరి పదం మిగిలింది. 'తీయబడును' కర్మణి ప్రయోగం. ట్యూషను చెప్పబడును, ఇల్లు అద్దెకు ఇవ్వబడును అనే బోర్డుల తెలుగు. మామూలు తెలుగులో తీస్తాం అంటాం, అప్పుడు ఎవరు తీస్తారో తెలుస్తుంది. ఇక్కడ కర్త లేడు, రేపు అంచు దగ్గర ప్రైమర్ బయటపడితే అడగడానికీ ఉండడు. తీయు ధాతువు కూడా చిక్కుదే. దిష్టి తీస్తాం, పరువు తీస్తాం. వీటిలో ఏ ఒక్కదానిలోనూ తీసిన వస్తువును చేత్తో చూపించలేం. షెడ్డువాడి తీయడానికి మాత్రం కొలత ఉంది. పెయింటు మందం చూసే చిన్న గేజీ ఉంటుంది. మిషను పెట్టకముందు తలుపుకు నాలుగు చోట్ల, టాపుకు నాలుగు చోట్ల ఆనించి అంకెలు రాసుకోమని అడగడం బండివాడి హక్కు. అంతా వంద దరిదాపుల్లో ఉండి ఒక్క తలుపు మాత్రం మూడు వందలు చూపితే, అక్కడ మళ్లీ పెయింటు పడిందనో లప్పం ఉందనో, పాత యజమాని చెప్పని ఇతిహాసం తెలుస్తుంది. గేజీ రేకు నుంచి పై దాకా మొత్తం మందమే చెబుతుంది, అందులో క్లియర్ ఎంతో విడదీసి చెప్పదు. నిల్వ తెలియని ఖాతాలోంచి తీస్తున్నామన్న సంగతి అలాగే ఉంటుంది. అయినా ముందు 112 ఉన్న చోట తర్వాత 109 వస్తే, ఆ మూడు మైక్రాన్లే 'తీయబడును' అనే క్రియకు కర్మ. బంపరు ప్లాస్టిక్కు కాబట్టి అక్కడ ఈ గేజీ పలకదు.